కారు తలుపు దాకా గోగునారకు దారేది?

2013లో బీఎండబ్ల్యూ ఐ3 అనే చిన్న విద్యుత్ కారును తెచ్చింది. మనుషులు కూర్చునే గూడు మొత్తం కార్బన్ ఫైబర్‌తో, అంటే తేలికైన, దృఢమైన కార్బన్ పోగుతో కట్టారు. తలుపుల లోపలి పలకల్లోనూ, డ్యాష్‌బోర్డులోనూ కెనాఫ్ నార వాడారు. కెనాఫ్ మనకు కొత్తదేమీ కాదు, శ్రీకాకుళం, విజయనగరం పొలాల్లో పండే గోగుకు దగ్గరి చుట్టం. ఆ కారు వచ్చినప్పుడు ప్రపంచమంతా కార్బన్ గురించే మాట్లాడింది, నారను పెద్దగా పట్టించుకోలేదు. మన దగ్గర రోడ్డెక్కే కార్లకు ఆ రెండింటిలో ఎక్కువ పనికొచ్చేది నారేనని నా అభిప్రాయం.

ఐ3లోని కార్బన్ పోగు ఎంత దూరం తిరిగిందో చూడండి. దాని ముడిపోగు జపాన్‌లోని ఒటాకేలో తయారైంది. ఓడెక్కి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మోజెస్ లేక్‌కు చేరింది. అక్కడ ముందుగా గాలిలో రెండు మూడు వందల డిగ్రీల వేడికి గట్టిపరిచి, ఆ తర్వాత ఆక్సిజన్ లేని కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటించారు. అంత వేడికి మిగతావన్నీ ఎగిరిపోయి దాదాపు కార్బన్ ఒక్కటే మిగులుతుంది. ఈ పనికి కరెంటు విపరీతంగా కావాలి. జలవిద్యుత్ చౌకగా దొరికే ఊరిని వెతుక్కుని వెళ్లింది అందుకే. నల్లటి ఆ పోగు మళ్లీ సముద్రం దాటి జర్మనీలోని వాకర్స్‌డార్ఫ్‌లో బట్టగా మారింది. ఆ బట్టకు రెజిన్ అనే గట్టిపడే జిగురు పట్టించి భాగాలుగా అచ్చుపోశాక లైప్‌జిగ్‌లో కారు తయారైంది.

ఫలితం గొప్పదే. బ్యాటరీ మోస్తూ కూడా ఆ కారు బరువు సుమారు 1,200 కిలోలే. కానీ రెండున్నర లక్షల కార్లు చేశాక 2022లో తయారీ ఆపేశారు. తర్వాత వచ్చిన విద్యుత్ కార్లలో ఆ కంపెనీ కార్బన్‌ను ఎంచుకున్న చోట్లకే పరిమితం చేసింది. బ్యాటరీల ధర తగ్గే కొద్దీ, ఒక్కో కిలో బరువు తగ్గించడానికి అంత ఖర్చు పెట్టాల్సిన అవసరమూ తగ్గింది. ఇక బొగ్గు కరెంటు మీద ఎక్కువగా ఆధారపడిన మన దేశంలో కార్బన్ పోగు తయారుచేసి చిన్న కారుకు తొడిగితే, తయారీలో వెలువడిన కర్బన ఉద్గారాల లెక్క సరిపోవడానికి ఆ కారు ఎన్నేళ్లు తిరగాలో! విమానాలకు, రాకెట్లకు, హైడ్రోజన్ ట్యాంకులకు కార్బన్ ఫైబర్ తప్పదు. పది లక్షల రూపాయల కారుకు అది అనవసరపు భారం. ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర గ్రాఫీన్ సంగతి వేరు. ఫోర్డ్ 2018లో ఇంజిన్ కవర్లలాంటి భాగాల ఫోమ్‌లో అర శాతం కంటే తక్కువ గ్రాఫీన్ కలిపి చప్పుడు, వేడి అదుపు చేయగలిగింది. కార్బన్‌ను అలా చిటికెడు వాడితే చిన్న కారుకూ గిట్టుబాటవుతుంది.

నార పలక తయారీకి అంత దూరాలు తిరగాల్సిన పని లేదు. నారను ముక్కలుగా కోసి, దువ్వి, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులతో ఇంచుమించు సగం సగం కలుపుతారు. ముళ్లున్న సూదులతో గుచ్చి గుచ్చి దట్టమైన చాపలా చేస్తారు. ఆ చాపను దాదాపు 200 డిగ్రీలకు వేడి చేస్తే ప్లాస్టిక్ కరిగి నారను పట్టుకుంటుంది. వెంటనే చల్లటి అచ్చులో పెట్టి ఒత్తితే తలుపు పలక సిద్ధం. వేడి అంతకు మించితే నార మాడి వాసనేస్తుంది, తగ్గితే అతుక్కోదు. నార సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు ఒకటిన్నర గ్రాములు, ప్లాస్టిక్ పలకల్లో బలానికి కలిపే గాజు పోగుది రెండున్నర. పలక తేలికవడానికి కారణం ఈ తేడాయే. జర్మన్ కంపెనీలు దశాబ్దాలుగా ఇలాంటి పలకలు వాడుతున్నాయి. 2019లో పోర్షే తన 718 కేమన్ రేసు కారు తలుపులకు, వెనక రెక్కకు కూడా మొక్కల నార వాడింది.

ఇందులో దాచకూడని సంగతులూ ఉన్నాయి. నార తేమ పీలుస్తుంది. గుద్దుకున్నప్పుడు ప్రాణం కాపాడే చట్రానికి అది పనికిరాదు. ప్లాస్టిక్‌తో కలిసి కరిగిన నార మళ్లీ మట్టిలో కలవదు. కాబట్టి నార పలక ఉన్న ప్రతి కారునూ ‘పర్యావరణ హితం’ అంటూ అమ్మడం కొనేవాళ్లను మోసగించడమే. నార వల్ల ప్లాస్టిక్, గాజు వాడకం తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. ఆ మేలు తక్కువేమీ కాదు, దాన్ని ఉన్నంత మేరకే చెబితే చాలు.

మన రాష్ట్రంలో ఒక కొసన గోగు పండుతుంది, మరో కొసన పెనుకొండలో కియా కార్లు తయారవుతాయి. మధ్యలో ఏం లోపించింది? చాలామంది రైతుకు అవగాహన లేదంటారు. నేను ఒప్పుకోను. గోగునారకు ఇన్నాళ్లూ ఉన్న పెద్ద గిరాకీ గోనె సంచి. ఆహార ధాన్యాలకు జనపనార సంచులు తప్పనిసరి చేస్తూ 1987లో వచ్చిన చట్టం ఆ సంచికి అండ. సంచికి నార రంగు ఎలా ఉన్నా నడుస్తుంది. గోగు కట్టలను రెండు మూడు వారాలు కదలని చెరువు నీళ్లలో ఊరబెడితే నార నల్లబడుతుంది, మొదలు దగ్గర బెరడు వదలదు. దానికి తగ్గట్టే ధర. ఎక్కువ శ్రమపడి తెల్లటి శుభ్రమైన నార తీసినా పైసా ఎక్కువ రానప్పుడు రైతు ఎందుకు తీస్తాడు? ఇంతలో చిట్టివలస జనపనార మిల్లు మూతపడింది, నెల్లిమర్ల మిల్లు లాకౌట్ల మధ్య నలిగింది. కొనే మిల్లు నమ్మకం లేనప్పుడు మొక్కజొన్న వైపు మళ్లిన రైతును తప్పుపట్టలేం.

కారు కంపెనీకి కావాల్సింది వేరు. ప్రతి లోడులో నార మందం, తేమ, బలం ఒకేలా ఉండాలి. ఎండ వేడికి కారు లోపల వాసన రాకూడదు. ఈ హామీ రైతు ఇవ్వలేడు, కారు కంపెనీ పొలానికి రాదు. నారను గ్రేడు చేసి, పరీక్షించి, చాప చేసే మధ్య మిల్లు కావాలి. పచ్చి కాడల నుంచి బెరడు ఒలిచి దాన్ని మాత్రమే ఊరబెట్టే పద్ధతికి నీళ్లు, రోజులు తక్కువ పడతాయి. ఆ యంత్రాలను ఊరూరా అద్దెకు ఇవ్వొచ్చు. ఆమదాలవలస పరిశోధన కేంద్రం గోగు రకాలను ఎంతో శ్రద్ధగా రూపొందించింది. ఎకరా దిగుబడితో పాటు అచ్చులో ఒత్తే పలకలకు తగినట్టు పోగు నాణ్యతనూ కొలిచే పని ఇప్పుడు దానికి అప్పగించాలి.

మొదటి కొనుగోలుదారు కారు కంపెనీయే కానక్కర్లేదు. ఆర్టీసీ బస్సు లోపలి పక్క పలకలు, సీటు వెనక అట్టలు ముందు చేయొచ్చు. అక్కడా మంట పరీక్ష నెగ్గాలి, కానీ కారు తలుపుకు ఉన్నన్ని షరతులు ఉండవు. గ్రేడును బట్టి ధర ముందే రాసిచ్చి, ఒక మండలంలో మూడు పంటకాలాలు వరుసగా కొంటే రైతుకు నమ్మకం కుదురుతుంది, మిల్లుకు లెక్క తేలుతుంది.