మూత కింద మీగడ చూసి ఇంజిన్ విప్పించకండి

వానలు మొదలయ్యాయంటే చాలు, మన వైజాగ్‌లో కొన్ని షెడ్లలో ఒకటే పాట: "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, ఇంజిన్ దించాలి." మొన్న ఎంవీపీ కాలనీలో మాకు తెలిసిన మాస్టారికీ ఇదే చెప్పారు. ఆధారం? ఆయిల్ పోసే మూత లోపల మీగడలా పట్టిన తెల్ల జిడ్డు. హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే సీలు; అది పోయినా ఇలాంటి జిడ్డే కడుతుంది మరి. కూలెంట్ చూశారా? లేదు. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీశారా? అదీ లేదు. ఒళ్లు మండదా మరి!

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. చాలావరకు ఆవిరై సైలెన్సర్‌లోంచి పోతాయి. కొద్దిగా మాత్రం పిస్టన్ రింగులు దాటి ఆయిల్ ఉండే చోటికి దిగుతుంది. ఆయిల్ బాగా వేడెక్కితే ఆ తేమ మళ్లీ ఆవిరై ఇంజిన్ లోపలి ఆవిర్లని బయటికి లాగే పీసీవీ వాల్వ్ గుండా బయటపడుతుంది. కానీ మాస్టారి కారు తిరిగేదంతా రైతుబజారుకీ, అప్పూఘర్ దగ్గర వాకింగ్‌కీ. ఆయిల్ వేడెక్కేలోపే తాళం తీసేస్తారు. ఇక ఆ తేమ చల్లగా ఉండే మూత దగ్గర చేరి జిడ్డు కట్టక ఏం చేస్తుంది? మనం ఊరికే సముద్రపు గాలిని తిడతాం గానీ, ఈ నీళ్లు ఎక్కువగా పెట్రోలువే.

రోజూ పొద్దున్నే గేటు ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచేవాళ్లకో దండం. బ్యాటరీ కోసమట! దానికి ఒరిగేది అంతంతమాత్రం, ఇంజిన్‌లో తేమ మాత్రం పెరుగుతుంది. దాని బదులు మూత తుడిచేసి, వారానికోసారి భీమిలి దాకా వెళ్లి రండి. టెంపరేచర్ ముల్లు చూపించేది కూలెంట్ వేడిని. ఆయిల్ వేడెక్కడానికి ఇంకాసేపు పడుతుంది, అందుకే కనీసం అరగంటైనా నడపాలి. "పదివేల కిలోమీటర్లు తిరగలేదుగా" అని ఆయిల్ మార్చకుండా కూర్చోవద్దు. తక్కువ తిరిగే బండికీ ఏడాదికోసారి మార్చాల్సిందే.

గ్యాస్కెట్ నిజంగానే పోతే కూలెంట్ తగ్గుతూ పోతుంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా తెల్లబడుతుంది, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగదు. అప్పుడు బండి కదపకుండా మెకానిక్‌ని పిలవండి.

అంతకంటే భయపడాల్సింది బయటి నీళ్లకి. జ్ఞానాపురం వైపు వంతెన కింద నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లోకి చేరిన నీళ్లు నొక్కినా అణగవు, పిస్టన్‌కి బిగించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తోయించుకునో, టోయింగ్ బండి పిలిచో బయటికి తెచ్చుకోండి. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో ఈ ఖర్చు సాధారణంగా రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకోవాలి. అది ఉందో లేదో పాలసీ కాగితం ఇవాళే తీసి చూసుకోండి.