ఐపీ అడ్రస్‌లకు కొదవలేదు, ఇవ్వడానికే చెయ్యి రావట్లేదు

పోయిన సంక్రాంతికి ఊళ్లో అమ్మానాన్నల ఇంటి గుమ్మం దగ్గర కెమెరా పెట్టించాను, హైదరాబాద్ నుంచి నేరుగా చూసుకోవచ్చని. కుదరలేదు. రౌటర్ సెట్టింగ్స్ తెరిస్తే ఐపీ అడ్రస్ (నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబరు) 100.72తో మొదలవుతోంది, అంటే అది ఆ ఇంటి సొంత అడ్రస్ కాదు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి నెట్ కంపెనీలు లోపల్లోపల వాడుకోవడానికని 2012లో పక్కన పెట్టినవి. బయటికి కనిపించే ఒక్క అడ్రస్‌ను ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి కాబట్టి, బయటి నుంచి వచ్చిన పిలుపు ఎవరింటికి పోవాలో తెలియదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే స్టాటిక్ ఐపీకి, అంటే మారని సొంత అడ్రస్‌కి, నెలనెలా అదనంగా కట్టమన్నారు.

అడ్రస్‌ల పాత పద్ధతి ఐపీవీ4 సంగతి వరకైతే నేను తప్పుపట్టను. అడ్రస్‌కు ఉన్న 32 బిట్లలో (0, 1 అంకెల్లో) పట్టే అడ్రస్‌లు దాదాపు 429 కోట్లే, మన జనాభాయే 140 కోట్లు దాటింది. ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ ఒక్కదాని దగ్గరే 1.6 కోట్లకు పైగా అడ్రస్‌లు ఉండేవి!

దాని తర్వాత వచ్చిన కొత్త పద్ధతి ఐపీవీ6లో 128 బిట్లు. మొత్తం ఎన్నంటే 34 పక్కన 37 సున్నాలు, కానీ ఈ అంకె వల్ల మనకు తెలిసేది తక్కువ, ఎందుకంటే అడ్రస్‌లను ఒక్కొక్కటిగా పంచరు, బ్లాకులుగా ఇస్తారు. అలాగే లెక్కేద్దాం. ఇప్పటికి వాడకానికి తెరిచింది మొత్తంలో ఎనిమిదో వంతే. అందులోనే /48 సైజు బ్లాకులు (గీత పక్కన అంకె పెరిగేకొద్దీ బ్లాకు చిన్నదవుతుంది) 35 లక్షల కోట్లు, ఒక్కో బ్లాకులో 65,536 నెట్‌వర్కులు. భూమ్మీద 800 కోట్ల మందికీ పంచినా తలా నాలుగు వేలకు పైగా బ్లాకులు వస్తాయి.

ఇంత ఉండి కూడా దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టుంది మన పరిస్థితి. కొన్ని ఇళ్లకు ఐపీవీ6 అసలు రాదు, వచ్చినచోట ఒకే ఒక్క /64, అంటే ఒక్క నెట్‌వర్కే, అదీ కరెంటు పోయి వస్తే మారిపోతుంది. ఇది చేతకాక జరుగుతున్నది కాదు. 2016లో జియో మొదటి రోజు నుంచే ఐపీవీ6తో వచ్చింది, ఐపీవీ6 వాడకంలో ప్రపంచంలో ముందున్న దేశాల్లో మనదీ ఒకటి. కరువు రోజుల్లో అబ్బిన పొదుపు అలవాటే ఇంకా పోలేదని నాకనిపిస్తోంది.

అందరికీ నేరుగా అడ్రస్ ఇస్తే దొంగలు చొరబడరా అని అడుగుతారు. వాళ్లను ఆపే పని చూసేది రౌటర్‌లోని ఫైర్‌వాల్, అడ్రస్ పంచుకోవడం తాళం వేసినట్టు కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పట్టించుకోవాల్సింది ఇక్కడే: ప్రతి బ్రాడ్‌బ్యాండ్ ఇంటికీ కనీసం ఒక /56 (256 నెట్‌వర్కుల బ్లాకు) ఇవ్వాలి, రౌటర్ ఆపి వేసినప్పుడల్లా అది మారకూడదు, దానికి విడిగా డబ్బులు అడగకూడదు.