ర్యాంకుల పట్టిక గారికి, పాలకొల్లు నుంచి

మహారాజశ్రీ ప్రపంచ దేశాల స్టాక్ మార్కెట్ ర్యాంకుల పట్టిక గారికి,

పాలకొల్లు నుంచి నమస్కారాలండి. ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం మేం అడక్కుండానే రోజూ పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చేస్తోంది, గుడ్ మార్నింగ్ పువ్వు బొమ్మ కిందే. అమెరికా ఒకటి, చైనా రెండు, ఆ తర్వాత జపానా, హాంకాంగా, మనమా అని. అంచేత కుశల ప్రశ్నలు మానేసి నేరుగా విషయంలోకి వస్తున్నాను.

2024 జనవరి నాలుగో వారం. సంక్రాంతి వెళ్ళి వారమైంది. పందెం బరుల్లో జేబులు ఖాళీ చేసుకున్నవాళ్ళు ఇంకా ఇళ్ళల్లో మొహం చాటేస్తున్నారు. అలాంటి సమయంలో దిగారు తమరు. భారత మార్కెట్ విలువ 4.33 లక్షల కోట్ల డాలర్లు, హాంకాంగ్‌ది 4.29, నాలుగో స్థానం మనది. మా పెద్దబాబాయి జన్మలో ఒక్క షేరు కొన్న మనిషి కాదు. ఆయన టీ కొట్టు దగ్గర నిలబడి, "హాంకాంగ్‌ని కొట్టేశాం రా అబ్బాయ్!" అని అందరికీ టీలు చెప్పాడు. డబ్బులు ఖాతాలో రాయించాడనుకోండి, అది వేరే సంగతి. ఆ కొట్టేసిన హాంకాంగ్ జనాభా ఎంతండీ అంటే ఇంచుమించు 75 లక్షలు. 2011 లెక్కల్లో మా పాత రెండు గోదావరి జిల్లాల జనమే సుమారు 91 లక్షలు. పైగా అక్కడి మార్కెట్‌లో పెద్ద పెద్ద కంపెనీలు చాలావరకు చైనా గడ్డ మీదివి. ఆ తర్వాత హాంకాంగ్ మళ్ళీ ఎక్కడం, మనం దిగడం, మళ్ళీ ఎక్కడం కూడా జరిగాయి. దిగిన రోజున మాత్రం గ్రూపులోకి పువ్వు ఒక్కటే వచ్చేది.

ఇంతకీ తమరి గొప్పతనం తయారయ్యే పద్ధతి భలే సులువండి. ఒక కంపెనీ షేరు చిట్టచివర ఏ రేటుకి చేతులు మారిందో చూస్తారు. దాన్ని ఆ కంపెనీకి ఉన్న మొత్తం షేర్లతో గుణిస్తారు. దేశంలోని లిస్టయిన కంపెనీలన్నిటికీ, అంటే షేర్లు బజారుకెక్కినవాటన్నిటికీ, అలాగే చేసి, కూడి, డాలర్లలోకి మార్చి వరసలో నిలబెడతారు. చివరి బేరంలో చేతులు మారినవి ఓ వంద షేర్లే కావచ్చు. రేటు మాత్రం కోట్ల షేర్లకి అంటుకుంటుంది.

ఈ గుణకారం మాకు తెలియంది కాదు. మా పక్క ఊళ్ళో రోడ్డు మీదున్న యాభై సెంట్లు డల్లాస్‌లో ఉండే ఓ కుర్రాడు కొన్నాడు. ఒకప్పుడు వాళ్ళ తాతగారు అమ్ముకున్న చేను, పట్టుదల కొద్దీ కొన్నాడు. ఎకరం లెక్కన రెండు కోట్లు పడింది. సాయంత్రానికల్లా ఊరంతా ఎకరం రెండు కోట్లు. కాలవ చివర నీరెక్కని చేనూ రెండు కోట్లే, ఉప్పు తేలి ఊరికే పడున్న దిబ్బా రెండు కోట్లే. మర్నాటి నుంచి పెళ్ళి సంబంధాల దగ్గర ఆస్తి ఎంతని అడిగితే ప్రతివాళ్ళూ గుణించి చెప్పడమే. మా పెద్దబాబాయికి అక్కడ మూడెకరాలుంది. పూట గడిచేసరికి ఆయన ఆరు కోట్ల ఆసామీ. అదే ఏడు కూతురి పెళ్ళికని ఒక ఎకరం బేరం పెట్టాడు. బ్రోకరు బండి గట్టు మీద స్టాండేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, బోదె దాటి వచ్చి, చేనుని ఈ మూల నుంచి ఆ మూలకి చూశాడు. "రేటు ఉందండి బాబూ, పార్టీయే లేదు" అన్నాడు. చివరికి పెళ్ళి ప్రాంసరీ నోటు మీద, నూటికి రెండు రూపాయల వడ్డీతో జరిగింది. మగపెళ్ళివారికి మాత్రం ఇప్పటికీ ఆయన ఆరు కోట్ల వియ్యంకుడే.

సౌదీ వాళ్ళు ఇదే పని పెద్ద ఎత్తున చేశారు కదండీ. 2019 డిసెంబరులో వాళ్ళ ప్రభుత్వ చమురు కంపెనీ అరామ్‌కోని బజారుకి తెచ్చినప్పుడు జనానికి అమ్మింది 1.5 శాతం. ఆ కాస్త వాటా పలికిన రేటుని మిగతా 98.5 శాతానికి కూడా కట్టి, కంపెనీ విలువ 1.7 లక్షల కోట్ల డాలర్లన్నారు. సౌదీ మార్కెట్ ఒక్క గంతులో తమరి మొదటి పది స్థానాల్లోకి వచ్చి కూర్చుంది. ఎవరి మీదో నవ్వుకోవడం ఎందుకు? 2022 మేలో మన ఎల్‌ఐసీ వాటా అమ్మింది 3.5 శాతం. మిగతా 96.5 శాతం ప్రభుత్వం బీరువాలోనే భద్రంగా ఉంది. ఆ బీరువాకి కూడా బజారు రేటే. నిజంగా బజారులో తిరిగే షేర్లని మాత్రమే లెక్కేసుకునే మర్యాద మన బొంబాయి బజారు సూచీ సెన్సెక్స్ 2003లోనే నేర్చుకుంది. తమరి వాట్సాప్ అవతారానికి ఆ గాలి సోకలేదు.

ఆ డబ్బు ఎవరిదన్న ప్రశ్న అసలే వెయ్యకూడదు కాబోలు. 2024 అక్టోబరులో హ్యుందాయ్ వాళ్ళ భారత కంపెనీ మన దగ్గర లిస్టయింది. అమ్మింది 17.5 శాతం, వచ్చింది ఇంచుమించు 27,870 కోట్ల రూపాయలు. కొత్త షేర్లేమీ పుట్టించలేదు, కొరియాలోని మాతృసంస్థ తన వాటాలో కొంత అమ్ముకుంది. డబ్బు కొరియాకి వెళ్ళింది, తమరి పట్టికలో మనం కంపెనీ మొత్తం విలువ మేరకి లావెక్కాం. మా గ్రూపులో దానికీ జాతీయ జెండా పెట్టారండి. ఆయ్.

తమరి వంశ చరిత్రలో మా ఊరికి కూడా ఒక పేజీ ఉంది, మరిచిపోయినట్టున్నారు. జనానికి షేర్లమ్మి, అవి బజారులో చేతులు మారే ఏర్పాటు చేసిన తొలి పెద్ద కంపెనీగా చెప్పుకునే డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. ఆ శతాబ్దంలోనే వాళ్ళు మా పాలకొల్లులో దిగి బట్టల వ్యాపారం పెట్టుకున్నారు. ఇక్కడి మగ్గాల మీద నేసిన గుడ్డ ఓడెక్కి పోయేది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ కంపెనీ షేరు ఎక్కేది, దిగేది. అప్పుడు తమరే ఉండుంటే హాలండ్ ఫస్టు, పాలకొల్లు 'ఇతరములు'లో కూడా ఉండేది కాదు. 1799 ఆఖరుకి ఆ కంపెనీ మూతపడింది. పాలకొల్లు ఇక్కడే ఉందండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇంకాస్త బాగుంది కూడా.

ఇప్పుడైనా తమరికి మా డెల్టాలో ఏం కనిపిస్తుందో చూద్దాం. తణుకు కనిపిస్తుంది, ఆంధ్రా షుగర్స్ లిస్టయింది కాబట్టి. కడియం నర్సరీలు కనిపించవు. అంబాజీపేటలో కొబ్బరికాయల బేరాలు, ఆకివీడు నుంచి ఐసు కొట్టి బెంగాల్ వైపు పోయే చేపల లారీలు, రైసుమిల్లులు, చీటీలు, నోట్ల వడ్డీలు ఏవీ కనిపించవు. కోనసీమలో నేల కిందున్న గ్యాసు ఓఎన్‌జీసీ పద్దు కింద వస్తుంది, నేల మీదున్న కొబ్బరిచెట్టు ఏ పద్దులోకీ రాదు. జర్మనీ వాళ్ళ గతీ ఇంతే. దేశం మొత్తం ఉత్పత్తిలో, అంటే జీడీపీలో, ప్రపంచంలో మూడో దేశం, తమరి దగ్గర మనకంటే కింద. అక్కడ చాలా ఫ్యాక్టరీలు కుటుంబాల చేతిలోనే ఉండి, బ్యాంకు అప్పు తెచ్చుకుని నడుస్తాయి, బజారుకెక్కవు. వాళ్ళు మెషిన్లు చేసి ప్రపంచానికి అమ్ముతున్నారు, ర్యాంకు రాలేదని ఏడుస్తున్నట్టు లేదు.

డాలర్ల గొడవ ఇంకొకటి. షేర్ల రేట్లు అంగుళం కదలకపోయినా, రూపాయి జారితే చాలు, మనం తమరి దగ్గర ఓ మెట్టు దిగుతాం. ఆ జారిన రూపాయి రొయ్యలు ఎగుమతి చేసేవాడికి కలిసొస్తుంది. చెరువు గట్టు మీదున్న రైతుకి మాత్రం 100 కౌంటు (కిలోకి వంద తూగే రొయ్య) రేటు కదలదు, అదెందుకో తమరు చెప్పరు, ఎగుమతిదారు అసలే చెప్పడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు భీమవరం చుట్టుపక్కల పట్టుబడికి వచ్చిన చెరువులున్నవాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో మాకు తెలుసు. ఆ వారం కూడా గ్రూపులో మన ర్యాంకు ఘనంగానే ఉంది.

తమరి దగ్గర కుర్చీ ఎంత గట్టిదో జపాన్‌ని అడగాలి. 1980ల ఆఖరులో అమెరికానే పక్కకి నెట్టి ఒకటో స్థానంలో కూర్చుంది. 1989 డిసెంబరు 29న వాళ్ళ షేర్ల సూచీ నిక్కీ 38,915 దగ్గర ఆగింది. మళ్ళీ ఆ అంకె చూడటానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. మధ్యలో వాళ్ళ ఫ్యాక్టరీలు ఎక్కడికీ పోలేదు, రైళ్ళు టైముకే నడిచాయి. ఇక 2025 అక్టోబరులో ఎన్విడియా అనే ఒక్క అమెరికా చిప్పుల కంపెనీ 5 లక్షల కోట్ల డాలర్లు దాటింది. మన దేశంలో లిస్టయిన కంపెనీలన్నీ కలిపితే ఇంచుమించు అంతే. ఆ వార్త నేనే గ్రూపులో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, ఒక్కరూ కిక్కురుమనలేదు. మా వదిన మాత్రం ఆవకాయ కొలతలు అడిగింది.

నా మనవి పెద్దదేం కాదండి. ర్యాంకు పక్కన ఇంకో రెండు గడులు గీయించండి. ఆ విలువలో బజారులో తిరిగేది ఎంత, ఒకటి. ఇవాళ నిజంగా చేతులు మారింది ఎంత, రెండు. గడులు గీస్తే పట్టిక ఫోన్ తెరలో పట్టదంటారా, పువ్వు బొమ్మ తీసేయండి.

ఇంకో చిన్న సంగతి. పెద్దబాబాయి మూడెకరాలూ అలాగే ఉన్నాయి, నోటు వడ్డీ కూడా అలాగే ఉంది. తమరి పరిచయాల్లో లక్షల కోట్ల డాలర్లున్న పెద్దమనుషులు చాలామంది కదా, అందులో ఒక్క పార్టీని పంపండి. కమీషన్ రెండు శాతం నేనే దగ్గరుండి ఇప్పిస్తాను. రేటు మాత్రం రెండు కోట్లకి పైసా తగ్గదట.

ఇట్లు,
పాలకొల్లు నుంచి తమరి విధేయుడు