సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నోటీసు బోర్డు గారికి

మహారాజశ్రీ నోటీసు బోర్డు గారి దివ్యసముఖానికి,

అద్దం పగిలినా తాళం మాత్రం గట్టిగానే ఉన్నందుకు ముందుగా అభినందనలు. ఇవాళ మధ్యాహ్నం తమరి ఎదుట బెంచీ మీద ఒక జంట, ముగ్గురు సాక్షులు, రెండు పూలదండలు కూర్చుని కూర్చుని, నాలుగింటికి లేచి వెళ్లిపోయారు. ముప్ఫై రోజులు నిండలేదట! దరఖాస్తు ఇచ్చి ముప్ఫై ఎప్పుడో నిండాయి. తమరి ఒంటికి ఆ పెళ్లి నోటీసు కాగితం అంటించి నిండలేదు. సారు సెలవు, ఆ తర్వాత సంతకం, ఆ తర్వాత తీరిగ్గా జిగురు. ఈ లోపల ఒక వారం ఎగిరిపోయింది.

ఈ వారం ఎవరి ఖాతాలో పడిందో తమరికి తెలియనిది కాదు. వేరే మతంవాళ్లనైనా మతం మారకుండానే పెళ్లాడనిచ్చే 1954 ప్రత్యేక వివాహ చట్టంలో రెండు గడియారాలున్నాయి. అభ్యంతరాలకిచ్చిన ముప్ఫై రోజులు ఏడో సెక్షను ప్రకారం నోటీసు ప్రకటించిన నాటి నుంచి నడుస్తాయి. పెళ్లికిచ్చిన మూడు నెలలు మాత్రం పద్నాలుగో సెక్షను ప్రకారం జంట ఆ నోటీసు, అంటే దరఖాస్తు, ఆఫీసు చేతికిచ్చిన నాటి నుంచే కరగడం మొదలుపెడతాయి. కాగితం అంటించడంలో ఆలస్యం ఆఫీసుది, తరిగేది జంట గడువు. మూడు నెలలూ దాటితే మళ్లీ కొత్త నోటీసు, మళ్లీ ముప్ఫై రోజులు. అందుకే తెలిసినవాళ్లు రసీదు మీద తేదీ చూసుకుని, మర్నాడే వచ్చి కాగితం అంటిందో లేదో కళ్లారా చూసి, ఫోటో తీసి పెట్టుకుంటారు. ఇద్దరిలో ఒకరి శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే నకలు అక్కడున్న తమరి సోదర బోర్డుకు కూడా వెళ్లాలి. అక్కణ్నుంచి కబురు రాలేదని ఇక్కడ ఫైలు ఆపితే ఆ చికాకు అదనం.

టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే ఒకే మనిషిని ఇద్దరు చేసే కౌంటరు గురించి ఇక్కడ రాయను. ముహూర్తాలు లేని పెళ్లికి ముహూర్తం పెట్టే సర్వరు గురించీ రాయను. మేనమామ కూతురు, మేనత్త కూతురు ఆ చట్టం నిషేధించిన చుట్టరికాల జాబితాలో ఉన్నారని, ఆచారం ఉందని చూపిస్తే తప్ప కుదరదని తెలిసి నోరెళ్లబెట్టే మన బంధువర్గాన్ని కూడా వదిలేద్దాం.

నా గొడవంతా తమరు వేసే శుభలేఖ గురించే.

పేరు, పెళ్లయిందా కాలేదా, వృత్తి, వయసు, ఉంటున్న ఇల్లు, అది శాశ్వతం కాకపోతే శాశ్వత చిరునామా, ఎన్నాళ్లుగా ఉంటున్నారు. నోటీసు నమూనాలో ఉన్న గడులివీ. కులం గడి లేదు, మతం గడి లేదు, చట్టం మర్యాదస్తురాలే. కానీ రెండు పేర్లు పక్కపక్కన పెడితే చాలు, మిగతా గడులు ఊరే పూరించుకుంటుంది.

అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు. కారణాలు మాత్రం నాలుగే: ఇదివరకే భార్యో భర్తో బతికి ఉండటం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోవడం, నిషిద్ధ బంధుత్వం. ఈ నాలుగింట్లో తమరి ముందు నిలబడి టీ తాగే ప్లాటు బ్రోకరుకు తెలిసేది ఏది? నిజంగా అభ్యంతరం ఉన్న మొదటి భార్య, పాపం, వేరే ఊళ్లో ఉంటుంది. ఆవిడ రోజూ వచ్చి తమరిని చదువుతుందా? తమరి కోసమే పని కట్టుకుని వచ్చేవాళ్లు వేరే. ఫోన్ తీసి ఒక్క ఫోటో కొడితే, సాయంత్రానికల్లా అది అటు కుటుంబం గ్రూపులో, ఇటు కులం గ్రూపులో తిరుగుతుంటుంది.

వాళ్లు అభ్యంతరం రాయరు. ఎందుకు రాస్తారు? రాస్తే విచారణ ఉంటుంది, దురుద్దేశమని తేలితే వెయ్యి రూపాయల దాకా కట్టాలి. అంతకన్నా తేలిక దారి నువ్వే చూపించావు. ఇంటి నంబరుతో సహా! కారేసుకుని వెళ్తారు, అమ్మాయి ఫోన్ లాక్కుంటారు, ఊరికి తీసుకెళ్లి గదిలో పెడతారు. మూడు నెలలు గడిపితే నీ నోటీసు దానంతటదే చచ్చిపోతుంది. చట్టాన్ని ఎవరూ మీరినట్టు కనబడదు, ఫైలు శుభ్రంగా ఉంటుంది.

ఇదే జంట ఇద్దరూ హిందువులైతే, గుళ్లో పెళ్లి చేసుకుని 1955 హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకుంటే నీ మొహం చూడక్కర్లేదు. ఆ పెళ్లికొడుకుకు ఇంకో పెళ్లాం ఉండదని నీకెవరు చెప్పారు? తమిళనాడులో ఇద్దరు హిందువులు అయినవాళ్ల ముందు దండలు మార్చుకున్నా పెళ్లేనని 1967లోనే చట్టం చేశారు. 1872 నాటి పాత చట్టంలో మతం వదులుకున్నామని చెబితే గానీ పెళ్లి లేదు, ఆ నిబంధన పోవాలనే 1954లో కొత్తది తెచ్చారు. ఇప్పుడు నీ భయానికి జనం పెళ్లి కోసం మతమే మార్చుకుంటున్నారు. పైగా ఆ తెల్లదొరల చట్టం అడిగింది పద్నాలుగు రోజులే. స్వతంత్రం వచ్చాక ముప్ఫై చేసుకున్నాం!

నోటీసులు ఇళ్లకు పంపొద్దని ఢిల్లీ హైకోర్టు 2009లో చెప్పింది. వెబ్‌సైటులో పెట్టడం కేరళ 2020లో మానుకుంది. ప్రకటించాలా వద్దా అన్నది జంట ఇష్టమేనని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో తేల్చింది. నువ్వు మాత్రం కదలవు.

నిన్ను దాటాక వచ్చే పన్నెండో సెక్షను చూస్తేనే ఈ చట్టం మీద మనసు మెత్తబడుతుంది. తాళి కట్టుకుంటారో, దండలు మార్చుకుంటారో, ఉత్త చేతులతో నిలబడతారో జంట ఇష్టం. మ్యారేజ్ ఆఫీసరు, ముగ్గురు సాక్షులు వింటుండగా, ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా, నిన్ను చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నానని ఒకరికొకరు చెప్పుకుంటే అయిపోయింది. అదనపు ఫీజు కడితే ఆఫీసరు దగ్గర్లో మరో చోటికి కూడా వస్తారు. ఇంత చక్కని గదికి గుమ్మంలో నువ్వు.

సరే, చట్టం మారేది నీ చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను. నీ చేతనైన పని ఒకటుంది. నీ అద్దం వెనక పెళ్లయి బారసాల కూడా జరిగిపోయినవాళ్ల నోటీసులు ఇంకా వేలాడుతున్నాయి, ఇంటి నంబర్లతో సహా. ముప్ఫై నిండిన కాగితాన్ని అక్కడే ఉంచమని ఏ సెక్షనూ చెప్పలేదు. తీయించు. తాళంచెవి అటెండరు దగ్గర ఉంటుంది.

ఇట్లు,
మళ్లీ సెలవు పెట్టాల్సిన ముగ్గురు సాక్షుల తరఫున