చప్పుడే దెయ్యం: చెవితో చదవాల్సిన హారర్ సినిమా చరిత్ర

'సైకో'లో బాత్రూమ్ సీన్‌ని ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. కత్తి లేస్తుంది, దిగుతుంది. నీళ్లు పడుతూనే ఉంటాయి. షాట్లు గబగబా మారిపోతుంటాయి. ఎడిటింగ్ ఎంత గొప్పదో తెలుస్తుంది గానీ గుండె మాత్రం కదలదు. మొదటిసారి అలా చూసినప్పుడు నేను నిర్ఘాంతపోయాను. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరించే సీను మ్యూట్ నొక్కగానే చల్లారిపోయింది. మళ్లీ సౌండ్ పెట్టాను. వయొలిన్లు కీచుమన్నాయి. పాత వణుకు మళ్లీ వచ్చేసింది.

హారర్ సినిమా చరిత్రను మనం ఎప్పుడూ ముఖాలతోనే చెప్పుకుంటాం. డ్రాకులా కోరలు, ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన వికృతాకారం నుదుటి మీది కుట్లు, తెల్ల మాస్కు, జుట్టు విరబోసుకున్న ఆడ దెయ్యం. పోస్టర్ల మీద ఉండేవి అవే కాబట్టి అలా అలవాటైపోయింది. కానీ ఈ చరిత్రలో అసలు మలుపులు చాలావరకు చెవి దగ్గర జరిగాయని నా నమ్మకం.

తొలి రోజులు కళ్లవే, ఒప్పుకుంటాను. 1896లో జార్జ్ మెలియెస్ తీసిన మూడు నిమిషాల ముక్కలో గబ్బిలం దెయ్యంగా మారుతుంది. అది ఇంద్రజాలికుడి వినోదం. 1920 నాటి జర్మన్ సినిమా 'డాక్టర్ కాలిగరి'లో వంకర ఇళ్లను, నీడలను కూడా సెట్ల మీద రంగులతో గీసేశారు. 1922లో ముర్నావ్ తీసిన 'నోస్ఫెరాటు'లో మెట్లెక్కే ఆ పొడుగువేళ్ల నీడను ఇప్పటికీ కాపీ కొడుతూనే ఉన్నారు. 'డ్రాకులా' నవలను అనుమతి లేకుండా వాడుకున్నందుకు బ్రామ్ స్టోకర్ భార్య కోర్టుకెళ్లి గెలిచింది. ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పు వచ్చింది. అప్పటికే బయటికి వెళ్లిపోయిన కాపీల పుణ్యమా అని సినిమా బతికింది.

ఇవన్నీ మూకీలే. అయినా హాలు మూగగా ఉండేది కాదు. 'నోస్ఫెరాటు' బెర్లిన్‌లో తొలిసారి ఆడినప్పుడు హాన్స్ ఎర్డ్‌మన్ దానికోసమే సంగీతం కట్టాడు. ఎక్కడ ఆడినా తెర ముందు పియానో అయినా మోగాల్సిందే. కాబట్టి మూకీ ప్రేక్షకుడికి హాల్లో నిశ్శబ్దం దాదాపు తెలియదు. నిశ్శబ్దాన్ని సినిమాకు ఇచ్చింది టాకీయే.

1931లో వచ్చిన 'డ్రాకులా'లో ఇది స్పష్టంగా వినిపిస్తుంది. టైటిల్స్ అయిపోయాక నేపథ్య సంగీతం దాదాపు లేదు. పాడుబడ్డ కోటలో డ్రాకులా వేషం వేసిన బేలా లుగోసీ మెట్ల మీద నిలబడి ఒక్కో మాటనూ సాగదీసి పలుకుతాడు. మాటకీ మాటకీ మధ్య చీమ చిటుక్కుమన్నా వినపడేంత ఖాళీ. బయట తోడేళ్లు ఊళ వేస్తే ఆగి వింటాడు. అది సంగీతమంటూ మురిసిపోతాడు. సినిమా రెండో సగం నాటకంలా సాగుతుందనే విమర్శలో నిజం ఉంది. కానీ ఆ మెట్ల మీది నిశ్శబ్దానికి వయసు రాలేదు. అదే ఏడాది వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్'లో ఆ వికృతాకారం వేషం వేసిన బోరిస్ కార్లాఫ్‌కి ఒక్క డైలాగూ లేదు. మూలుగులూ గుర్రులతోనే మనకు జాలి పుట్టించాడు.

నన్నడిగితే ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన మనిషి దర్శకుడు కాదు, నిర్మాత. పేరు వాల్ ల్యూటన్. 1942లో ఆర్‌కేఓ స్టూడియో అతనికి హారర్ విభాగం అప్పగించింది. షరతులు మూడు. టైటిల్ స్టూడియోనే ఇస్తుంది, బడ్జెట్ లక్షన్నర డాలర్లు దాటకూడదు, నిడివి గంటా పావు మించకూడదు. మొదటి టైటిల్ 'క్యాట్ పీపుల్'. కోపమొస్తే చిరుతలా మారిపోతానని భయపడే ఇరీనా కథ. ఉన్న డబ్బుతో మృగాన్ని నమ్మించేలా చూపించడం కష్టం. ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ ఇద్దరూ దాన్ని నీడలో దాచి, చప్పుడుగా మార్చేశారు.

రాత్రి. ఆలిస్ అనే అమ్మాయి ఒంటరిగా నడుస్తోంది. వీధి దీపం కింద వెలుగు, తర్వాత చీకటి, మళ్లీ వెలుగు. ఆమె మడమల చప్పుడు టకటకా వినిపిస్తుంది. వెనక ఇంకో జత మడమలు, ఇంకాస్త వేగంగా. అవి ఇరీనావి. సంగీతం లేదు. కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోతుంది. చూడండి, భయం మొదలయ్యేది సరిగ్గా అక్కడ. అడుగులు వినిపిస్తున్నంతసేపూ వెనకున్నది మనిషి. ఆగిపోయాక అది ఏమైనా కావచ్చు. ఆలిస్ వెనక్కి చూస్తుంది, ఎవరూ లేరు. పరుగు అందుకుంటుంది. ఉన్నట్టుండి బుస్సుమని ఏదో మీదికొస్తుంది. మన పై ప్రాణాలు పైనే పోతాయి. తీరా చూస్తే అది వచ్చి ఆగిన సిటీ బస్సు బ్రేకుల చప్పుడు.

ఈ ఎత్తుగడకు సినిమావాళ్లు 'ల్యూటన్ బస్' అనే పేరు పెట్టుకున్నారు. ఇవాళ మనం జంప్ స్కేర్ అంటున్నదానికి పుట్టిల్లు అదే.

ఆర్‌కేఓలో సౌండ్ విభాగంలో పనిచేసి ఎడిటర్‌గా ఎదిగిన రాబర్ట్ వైజ్‌కి దర్శకుడిగా తొలి అవకాశం ఇచ్చింది ల్యూటనే. వైజ్ 1963లో 'ది హాంటింగ్' తీశాడు. అందులో దెయ్యం ఒక్క ఫ్రేములోనూ కనబడదు. ఎలినోర్ అనే ఆమె చీకట్లో పడుకుని ఉంటుంది. గోడ అవతల ఎవరో గొణుగుతున్నారు, ఏ భాషో తెలియదు. పక్కనున్న థియో చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఇంతలో ఒక పిల్ల ఏడుపు. తట్టుకోలేక అరుస్తుంది. లైటు వెలుగుతుంది. థియో ఉన్నది గది అవతలి వైపు. మరి ఇంతసేపూ పట్టుకున్న చెయ్యి ఎవరిది? హారర్ సినిమాల్లో ఇంతకు మించిన క్షణం నాకు తెలియదు.

ఇక 'సైకో', 1960. ఆ బాత్రూమ్ సీనుకు సంగీతమే వద్దన్నాడు దర్శకుడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినకుండా రాసి వినిపించాడు, హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు. సినిమా మొత్తానికి హెర్మన్ వాడినవి తీగ వాద్యాలు మాత్రమే. డ్రమ్ములు లేవు, బూరలు లేవు. నెత్తురు చాక్లెట్ సిరప్, కత్తిపోటు చప్పుడు ఒక రకం పుచ్చకాయను పొడిస్తే వచ్చింది. చెవి ఒప్పుకుంది కాబట్టి కన్ను కూడా నమ్మేసింది.

1968లో జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'ని రాజకీయ సినిమాగా చదవడం సరైనదే. ఇంట్లో చిక్కుకున్నవాళ్లకు బయటి లోకం రేడియో, టీవీ వార్తలుగా మాత్రమే అందుతుంది. శవాల దాడిని తట్టుకున్న నల్లజాతి హీరోని చివర్లో గాలింపు దళంవాళ్లే కాల్చేస్తారు. ఆ తర్వాత వచ్చేవి కదలని ఫొటోలు, వాటి మీద వైర్‌లెస్ గరగరలు. అతను కూడా ఒక ఫొటో అయిపోయాడు. బతికున్నవి ఆ గొంతులే.

1973లో 'ది ఎక్సార్సిస్ట్' చూసినవాళ్లు తిరిగే తల గురించి చెప్తారు. తల తిరిగేటప్పటి ఆ పటపట చప్పుడు గొంజాలో గవీరా అనే మెక్సికన్ సౌండ్ ఆర్టిస్ట్ పాత తోలు పర్సును మైకు దగ్గర మెలితిప్పి పుట్టించింది. పాప నోట్లోంచి వచ్చే గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అనే నటిది. దానికోసం ఆమె పచ్చి గుడ్లు మింగింది, సిగరెట్లు ఊదేసింది. మొదటి ప్రింట్లలో ఆమె పేరే వెయ్యలేదు, పోట్లాడి వేయించుకోవాల్సి వచ్చింది. సౌండ్‌కి ఆస్కార్ గెలిచిన సినిమాలో ఆ గొంతు పేరే లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

'జాస్' గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. యాంత్రిక షార్క్ మాటిమాటికీ చెడిపోయింది, అందుకే స్పీల్‌బర్గ్ దాన్ని తక్కువ చూపించాడు, ఆ లోటును సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ రెండు స్వరాలు తీర్చాయి అని. నిజమే. కానీ నాకు అంతకంటే ముచ్చటేసేది ఇంకోటి. ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన రెక్కతో బీచ్‌లో జనాన్ని హడలగొట్టే సీనులో ఆ సంగీతం మోగదు. అబద్ధపు షార్క్‌కి పాట లేదు. అలా మన నమ్మకం గెలుచుకుంటాడు. తర్వాత పోలీస్ చీఫ్ బ్రోడీ పడవ మీంచి నీళ్లలోకి ఎర విసురుతుంటే నిజం షార్క్ ఏ సంగీతమూ లేకుండా పైకి లేస్తుంది. ప్రేక్షకుడి చెవికి ఒక నియమం నేర్పి, సరైన సమయంలో దాన్ని విరగ్గొట్టడం ఇది.

'హాలోవీన్'ని జాన్ కార్పెంటర్ సంగీతం లేకుండా ఒక స్టూడియో ఎగ్జిక్యూటివ్‌కి చూపిస్తే ఆమెకు భయమే వెయ్యలేదట. ఆ తర్వాత కార్పెంటరే కూర్చుని పియానో మీద ఐదు దెబ్బల తాళంలో థీమ్ కట్టాడు. సినిమా అదే, షాట్లవే. ఇప్పుడు అందరికీ ముచ్చెమటలు పట్టాయి.

జపాన్ వాళ్లు ఈ విద్యను ఇంకా సన్నగా చెక్కారు. 1998లో 'రింగు' వచ్చాక ఫోన్ మోగడమే టెన్షన్ అయిపోయింది. 'జు-ఆన్'లో దెయ్యం గొంతులోంచి వచ్చే ఆ గరగర దర్శకుడు తకాషి షిమిజు సొంత గొంతు. 1999లో 'బ్లెయిర్ విచ్' మంత్రగత్తెను చివరిదాకా చూపించలేదు. టెంట్ బయట రాత్రిపూట కొమ్మలు విరిగిన చప్పుడు, పిల్లల గొంతులు, అంతే.

ఇంత చరిత్ర ఉండి, ఇవాళ చాలా హారర్ సినిమాలు ల్యూటన్ బస్సును మాత్రమే అప్పు తెచ్చుకోవడం చూస్తే బాధేస్తుంది. బస్సుకు ముందున్న ఆ నడకను వదిలేశారు. ఐదు నిమిషాలకోసారి స్పీకర్లు బద్దలయ్యేలా ఢాం అనిపిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. చెవి దగ్గర పళ్లెం కింద పడేసినా అంతే. ఉలికిపాటు క్షణంలో పోతుంది. ఇంటికెళ్లి లైటు తీశాక కూడా వెంట ఉండేదాన్నే భయం అంటారు.

అందుకే 2018లో వచ్చిన 'ఎ క్వయట్ ప్లేస్' నాకంత ఇష్టం. చప్పుడైతే చంపేసే జీవుల మధ్య ఒక కుటుంబం బతుకుతుంటుంది. వాళ్ల కూతురికి చెవులు వినబడవు. ఆ పాత్ర వేసిన మిల్లిసెంట్ సిమండ్స్‌కి నిజంగానే వినికిడి లేదు. ఆమె వైపు నుంచి చూపించే షాట్లలో సౌండ్ ట్రాక్ మందగిస్తుంది. చెవి మిషన్ ఆపేసినప్పుడైతే గాలి చప్పుడు కూడా లేకుండా ఆగిపోతుంది. మూకీ రోజుల్లో కూడా పియానో ఉండేది, ఇక్కడ అదీ లేదు. ఆ పిల్ల వెనకాల ఏదో కదులుతుంది. అది మనకు కనిపిస్తుంది, ఆమెకు వినిపించదు. హాల్లో పాప్‌కార్న్ తింటున్నవాళ్లు నమలడం ఆపేస్తారు.