ఖండించాలంటే ముందు చూడాలి కదండీ!

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో పోయిన ఆదివారం ఒక పాట వీడియోని ఖండించడానికి మీటింగ్ పెట్టారు. మంజీరా నీళ్ల గురించి మీటింగ్ అంటే ఐదుగురు వస్తారు, వాళ్లలో ఒకరు వాచ్‌మన్. ఆ రోజు మాత్రం సెల్లార్‌లో కుర్చీలు చాలక టెంట్ హౌస్ నుంచి ఇంకో 30 తెప్పించాం. సంస్కృతి మీద మనవాళ్లకి ఇంత బెంగ ఉందని నాకు నిజంగా తెలీదు.

సెక్రటరీ గారు ప్రొజెక్టర్ పెట్టించారు. ఎందుకండీ అంటే "ఖండించాలంటే ముందు చూడాలి కదండీ" అన్నారు. న్యాయమే. మొదటిసారి చూశాక అసభ్యత ఎక్కడ మొదలైందో తేలలేదు, అందుకని రెండోసారి వేశారు. అప్పుడే ట్రెజరర్ గారికి ఫోన్ రావడంతో ముఖ్యమైన స్టెప్పు మిస్సయ్యారట, "ఒక్క పది సెకన్లు వెనక్కి తిప్పండి" అన్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మూడోసారి నడుస్తుండగా మూడో ఫ్లోర్ బామ్మగారు "ఒరేయ్, ఆ పిల్లకి నడుం పట్టేయదుట్రా?" అన్నారు. ఆవిడ మాటని మినిట్స్‌లో రాయలేదు.

ఖండన తీర్మానం ఏకగ్రీవం. ఆ టైంలో బయట సైకిళ్లు పక్కన పడేసి, ఆరేళ్ల పిల్లలు అదే స్టెప్పు, ప్రొజెక్టర్‌లో కంటే నీట్‌గా వేస్తున్నారు.

చాలామంది సెన్సార్‌ని తిడతారు కానీ నేను తిట్టను. సెన్సార్ లేకపోతే ఏ పాటలో ఎక్కడ చూడాలో మనకెవరు చెబుతారండీ? మామూలుగా వదిలేస్తే బిర్యానీ తింటూ ఒక చూపు చూసి మర్చిపోయే ముక్క, బ్లర్ చేశాక మాత్రం ప్లేటు పక్కన పెట్టి మరీ చూస్తాం. అసలు ఆ బోర్డుది కూడా ఎంత పెద్ద మనసంటే, 1983లో తన పేరులోంచి 'సెన్సార్' అన్న మాటని తనే కట్ చేసేసుకుని 'సర్టిఫికేషన్' బోర్డు అయింది. మనమే ఇంకా పాత పేరుతో పిలుస్తున్నాం, అన్‌కట్ వెర్షన్ అలవాటైతే వదలదు మరి.

2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యమైన స్టెప్పులు వద్దని హెచ్చరించింది. డాన్సర్ స్కర్టు లాగే స్టెప్పు ఒకటి అప్పటికే ఊరంతా రచ్చ. ఆ నెలాఖరుకి సినిమా విడుదలయ్యేసరికి థియేటర్లో ఆ స్టెప్పు లేదు. అంటే టికెట్ కొని, పార్కింగ్ కట్టి, పాప్‌కార్న్‌కి ఆస్తి రాసిచ్చినవాడికి లేదు, మెట్రోలో నిలబడి ఊరికే రీల్స్ తిప్పేవాడికి ఉంది. యూట్యూబ్‌లో నేరుగా పెట్టే వీడియోకి ఆ బోర్డు సర్టిఫికెట్టే అక్కర్లేదు కాబట్టి, మన సంస్కృతి ప్రస్తుతానికి థియేటర్ గేటు లోపల మాత్రం భద్రంగా ఉంది.

నిషేధాన్నే అమ్ముకునే ఈ విద్యలో అమెరికా పాప్ గాయని మడోన్నా మనకి పెద్దక్క. 1990లో ఆవిడ 'జస్టిఫై మై లవ్' వీడియో మేం వెయ్యం అని ఎంటీవీ చెప్పేస్తే, ఏడుస్తూ కూర్చోకుండా దాన్నే వీడియో క్యాసెట్ చేసి 9.98 డాలర్లకి షాపుల్లో పెట్టించింది. ఏబీసీ టీవీ నైట్‌లైన్ వాళ్లు వీడియో మొత్తం వేసి మరీ, దీనివల్ల మీకే ఎక్కువ డబ్బులొస్తాయి కదా అని అడిగితే, అయితే ఏంటి, నా అదృష్టం అన్నట్టు జవాబిచ్చింది. ఇంత నిజాయితీ మన ఆడియో ఫంక్షన్లలో ఎప్పుడైనా విన్నారా? ఇక్కడైతే "మా ఉద్దేశం అది కాదు, ఎవరి మనోభావాలైనా దెబ్బతింటే" అని మొదలుపెట్టి, మాట పూర్తయ్యేలోపు ఇంకో 10 లక్షల వ్యూస్ పట్టుకుపోతారు.

అందుకే ప్రభుత్వానికి నా మనవి ఒక్కటే. అమీర్‌పేట మైత్రివనం దగ్గర 45 రోజుల నిషేధం కోర్సు పెట్టించండి. మా సెక్రటరీ గారు ఫ్యాకల్టీగా వెళ్తారు, ప్రాక్టికల్స్ అన్నీ ఆయనకి కొట్టినపిండి. సాఫ్ట్‌వేర్‌లో బెంచ్ మీదున్న కుర్రాళ్లకి బ్లర్ వేసే ఉద్యోగాలూ దొరుకుతాయి.

రాత్రి 11 దాటాక తీర్మానం కాపీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఏ పాటో తెలియక ఎవరైనా పొరపాటున చూసేస్తారని, కింద లింకు కూడా ఇచ్చారు.