తీర్పును అనవచ్చు, తీర్పరిని అనకూడదా?

కోర్టు ధిక్కరణ ప్రస్తావన వచ్చినప్పుడల్లా 'తీర్పును విమర్శించండి, న్యాయమూర్తికి ఉద్దేశాలు అంటగట్టకండి' అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. 1971 నాటి ధిక్కరణ చట్టం 5వ సెక్షన్ కూడా తుదిగా తేలిన కేసుపై న్యాయమైన విమర్శ ధిక్కరణ కాదనే చెబుతోంది. చిక్కల్లా, ఆ గీత ఎక్కడ పడుతుందో మాట్లాడేవాడికి ముందుగా తెలియకపోవడమే.

1967లో కేరళ ముఖ్యమంత్రిగా ఉన్న ఈఎంఎస్ నంబూద్రిపాద్, మంచి బట్టలు కట్టిన బొజ్జ ధనికుడికీ చదువురాని పేదవాడికీ మధ్య సాక్ష్యం సరిసమానంగా ఉంటే న్యాయమూర్తి మొగ్గు ధనికుడి వైపే ఉంటుందని విలేకరులతో అన్నారు. హైకోర్టు వెయ్యి రూపాయల జరిమానా వేసింది. 1970లో సుప్రీంకోర్టు దాన్ని 50 రూపాయలకు తగ్గించింది గానీ ధిక్కరణేనని తేల్చింది, పైగా మార్క్సును ఆయన సరిగ్గా అర్థం చేసుకోలేదని కూడా సెలవిచ్చింది. (కమ్యూనిస్టు నాయకుడికి మార్క్సిజం పాఠం చెప్పడం ధర్మాసనం విధుల్లో ఎప్పుడు చేరిందో!)

ఈఎంఎస్ ఆ మాట అన్న సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1987లో, మన హైదరాబాద్‌లో న్యాయవాదుల సభలో, అప్పటి కేంద్ర న్యాయశాఖ మంత్రి పి. శివశంకర్ అంతకంటే ఘాటుగా మాట్లాడారు. జమీందార్లపైనా బ్యాంకు అధిపతులపైనా సుప్రీంకోర్టుకు సానుభూతి ఉందని, కోడళ్లను తగలబెట్టేవాళ్లకు అది ఆశ్రయమైందని అన్నారు. 1988లో అదే కోర్టు ఇది ధిక్కరణ కాదంది. ఆయనను వదిలేయడం ముమ్మాటికీ సరైనదే, కానీ ఆ కొలత ఈఎంఎస్‌కు ఎందుకు వర్తించలేదు? 2020లో న్యాయవాది ప్రశాంత్ భూషణ్‌కు రెండు ట్వీట్లకు వేసిన జరిమానా ఒక్క రూపాయి. కట్టకపోతే మాత్రం మూడు నెలల జైలు, మూడేళ్లు సుప్రీంకోర్టులో ప్రాక్టీసుపై నిషేధం.

కోర్టు ఉత్తర్వును బుట్టదాఖలు చేసే అధికారినీ, సాక్షులను బెదిరించేవాణ్ణీ శిక్షించాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. ఆధారం చూపకుండా ఫలానా జడ్జి లంచం తిన్నాడని రాసేవాళ్లనూ నేను వెనకేసుకురాను, ఎందుకంటే న్యాయమూర్తి మైకు పట్టుకుని జవాబు చెప్పుకోలేడు. అయితే నిజం చెప్పడాన్ని రక్షణగా చట్టంలో చేర్చడానికి మనకు 2006 దాకా పట్టింది, అదీ ప్రజాప్రయోజనం, సదుద్దేశం ఉన్నాయని కోర్టు నమ్మితేనే. ఎవరికి కోపం వచ్చిందో వాళ్ల ముందే దాన్ని రుజువు చేసుకోవాలి.

2(సి) సెక్షన్ ప్రకారం కోర్టును అపకీర్తిపాలు చేయడమే కాదు, చేసే ధోరణి ఉన్నా నేరమే. ఈ నేరాన్ని మనకు అంటగట్టిన బ్రిటన్ 2013లో తన చట్టంలోంచి దాన్ని తీసేసింది. మన పార్లమెంటు కనీసం ఆ 'ధోరణి' అన్న మాటనైనా కొట్టేయాలి.